మునిరత్నం మేళం

మదనపల్లె,
10 మార్చి 1974.

గంగులయ్య బావగారికి నమస్కారాలు.

కౌసల్యను పుంగనూరు శ్రీరాములు గారి అబ్బాయికి ఖాయం చేశారని అక్క రాసిన కార్డు అందింది. చాలా సంతోషం. పిల్లకు సొంత మేనమామను, ముహూర్తం పెట్టుకున్నాక అయినా నాకు తెలియజేశారు. ఆ విషయంలో నేనేమీ అనుకోవడం లేదని అక్కతో చెప్పండి.

నా ఉద్యోగం మామూలే. ఆడపిల్లల కాలేజీలో సంగీత శాస్త్రం చెబుతున్నాను. డెబ్బయిరెండు మేళకర్త రాగాల పేర్లూ పిల్లలు ఎక్కాల మాదిరి ఒప్పజెబుతారు. అందులో ఒక్కటి పాడమ్మా అంటే, "అది ప్రాక్టికల్ సార్, మాకు శుక్రవారం" అంటారు. శుక్రవారం నాడు ప్రాక్టికల్ మేడమ్ గారికి గొంతు నొప్పి. ఈ విధంగా ఎవరూ నోరు తెరవకుండానే మా కాలేజీలో సంగీతం వర్ధిల్లుతోంది.

మీకు రాయదలచుకున్నది వేరు. నేను కొత్త రచనలు చేస్తుంటానని మీకు తెలుసు. మీరు నవ్వుతారని నాకూ తెలుసు. ఇప్పటికి బీరువాలో ఒక అర నిండింది. వాటిలో ఒక్కటి కూడా నలుగురి ముందు మోగలేదు. మన సంగీతంలో రాసినవాడు పోయి నూరేళ్ళు గడిస్తే గానీ అది పాటగా లెక్కకు రాదు. నేను బతికి ఉండటమే నా రచనలకు పెద్ద అడ్డంకి. దానికి ప్రస్తుతానికి నేను చేయగలిగింది లేదు.

ఈమధ్య నాగస్వరానికని ఒకటి రాశాను. పెళ్ళిపందిట్లో ముహూర్తానికి ముందు వాయించేది. రెండు సగాలు, మొత్తం అరగంటకు కాస్త తక్కువ. పుంగనూరు నాగస్వర విద్వాంసుడు మునెప్ప నేర్చుకుంటానన్నాడు. ఆదివారాలు బస్సెక్కి వెళ్ళి నేర్పుతున్నాను. పెళ్ళి ఎలాగూ మగపెళ్ళివారింట్లో, పుంగనూర్లోనే. మేళం మునెప్పదే. నా మేనకోడలి పెళ్ళిలో ఆ రచన ఒక్కసారి, మొదటినుంచి చివరిదాకా వినబడితే చాలు. మిమ్మల్ని ఇంకేమీ అడగను.

మీ బావమరిది,
మునిరత్నం


కుప్పం,
18 మార్చి 1974.

మహాపండితుడైన బావమరిదికి, ఆవుల మధ్య కూర్చుని గంగులయ్య రాసేది.

నీ జాబు మీ అక్క మూడుసార్లు చదివించుకుంది. మూడోసారికి నాకు కూడా నీ మీద జాలి వేసింది. తర్వాత పాలు పితకాల్సి వచ్చి పోయింది.

నువ్వు చేసే ఉద్యోగం గురించి మా ఊళ్ళో పెద్ద చర్చ జరుగుతోంది. వేరుశనక్కాయలు వొలుస్తూ పక్కింటి రామక్క అడిగింది, "మీ బావమరిది యాడప్పా పని సేస్తాండాడు?" అని. సంగీతం చెబుతాడన్నాను. "బాగా పాడతాడా?" పాడడు. "వాయిస్తాడా?" వాయించడు. "మడి ఏం సేస్తాడు?" పాట ఎట్లా ఉండాలో చెబుతాడన్నాను. రామక్క ఒళ్ళో తొక్కలు దులుపుకుని, "ఆ మాత్రం నేనూ సెప్తానే, నాకూ ఒక జీతం ఇప్పించరాదా?" అంది. నీకు ఖాళీ ఉంటే మీ ప్రిన్సిపాల్‌ను అడిగి చూడు.

పెళ్ళిలో నీ మేళం వాయించడానికి నాకేమీ అభ్యంతరం లేదు. ఉన్నా మీ అక్క ఉండనివ్వదు. వియ్యంకుడు శ్రీరాములు గారికి చెప్పాను. "మేనమామ ఉపాధ్యాయుడు, ఆయన ముచ్చట" అన్నాను. "ముహూర్తం తొమ్మిది దాటినాక. అంతలోపల అయిపోతే సరి" అన్నాడు. సోమవారం కదా, తొమ్మిది దాకా రాహుకాలం. అరగంట పాటకు అంతకంటే మంచి చోటు దొరకదు. రాహుకాలంలో ఏ శుభకార్యమూ చేయరు, నీ పాట వినొచ్చు.

గంగులయ్య


మదనపల్లె,
27 మార్చి 1974.

బావగారికి,

కృతజ్ఞతలు. మీ జాబులో ఆశీర్వాదం కూడా ఉందని అక్క పుంగనూరు వచ్చినప్పుడు అన్నట్టు మునెప్ప చెప్పాడు. నేను రెండుసార్లు వెతికినా కనబడలేదు, కానీ నమ్ముతున్నాను.

ఒక చిన్న విన్నపం. ఆ అరగంట బంధువులు కొంచెం నిశ్శబ్దంగా ఉండేలా చూడగలరా? రెండో సగం చాలా మెల్లగా మొదలవుతుంది.

మునిరత్నం


(కార్డు)
కుప్పం, 2 ఏప్రిల్ 1974.

పెళ్ళికి వచ్చి మాట్లాడొద్దంటే మనవాళ్ళు వచ్చేది ఎందుకు? తెచ్చిన చీర గురించి చెప్పుకోవద్దా, పెట్టని కూర గురించి చెప్పుకోవద్దా? అయినా నీ కోసం చెవిటివాళ్ళను ముందు వరసలో కూర్చోబెడతాను. వాళ్ళు నెమ్మదస్తులు. - గం.


కుప్పం,
17 మే 1974.

మునిరత్నానికి,

మేనకోడలి పెళ్ళిలో అన్నం తినకుండా పెరటి గోడ దూకి బస్సెక్కిన మేనమామవు నువ్వొక్కడివే. కాబట్టి నువ్వు దూకాక ఏం జరిగిందో, దూకకముందు ఏం జరిగిందో రెండూ రాస్తున్నాను. నీ కళ్ళు మూసుకుని ఉన్నాయి గనుక రెండూ నీకు కొత్తే.

నువ్వు మేళానికి ఎదురుగా చాప మీద కూర్చున్నావు. తొడ మీద కొట్టుకుంటున్నావు, చెయ్యి తిప్పుతున్నావు, వేళ్ళు లెక్కపెడుతున్నావు. మా నారాయణమ్మ పిన్ని, "ఈయప్పకు ఏమయ్యిందబ్బా, దోమలా?" అని అడిగింది. అంతవరకూ బాగానే ఉంది. మునెప్ప కూడా బాగానే వాయిస్తున్నాడు. ఉన్నట్టుండి నువ్వు చెయ్యి పైకెత్తి చూపుడువేలు ఆడించావు.

పెళ్ళిపందిట్లో పెద్దమనిషి చెయ్యెత్తి వేలు ఆడిస్తే ఏమిటో పాలు తాగే బిడ్డకు తెలుసు. తాళి కట్టే వేళయింది, గట్టిమేళం వాయించమని. మునెప్ప తమ్ముడు డోలును బాదాడు. గట్టిమేళం మోగితే జనం అక్షింతలు చల్లుతారు. అక్షింతలు నెత్తిన పడితే పెళ్ళికొడుకు తాళి కడతాడు. ఈ మూడింటి మధ్యలో గడియారం చూసేవాడు మన జిల్లాలో ఇంకా పుట్టలేదు. పెళ్ళి చేయించే అయ్యవారు వంటశాలలో కాఫీ తాగుతున్నారు. లోటాతో సహా పరిగెత్తుకొచ్చేసరికి మూడో ముడి కూడా పడింది. అప్పుడు టైము ఎనిమిదిన్నర. నడి రాహుకాలం.

శ్రీరాములు గారు, "ఇదేం పెండ్లప్పా? తాళి ఇప్పి మళ్ళా కడదామా?" అన్నారు. అయ్యవారు శాస్త్రం ఒప్పుకోదన్నారు. ఆడవాళ్ళు ఏడ్చారు. మగవాళ్ళు అరిచారు. చెవిటివాళ్ళు మాత్రం పెళ్ళి బాగా జరిగిందన్నారు. చివరికి సాయంత్రం శాంతి చేయించి పిల్లను లోపలికి రానిచ్చారు.

"ఈయన ఇంక పాటలు రాయకుంటే అదే పెద్ద శాంతి" అన్నాడు వియ్యంకుడు. నేనూ సరేనన్నాను. నీ బీరువాకు బీగం వేసి, బీగంచెవి ఏదైనా లోతైన బావి చూసి పడెయ్యి. లోకకల్యాణం అంటే అదే.

గంగులయ్య


మదనపల్లె,
23 మే 1974.

బావగారికి,

నేను చేసింది తాళం వేయడం. దోమలు కాదు. లయ తప్పకుండా చేత్తో లెక్క పెట్టుకోవడం సంగీతం తెలిసిన ప్రతివాడికీ అలవాటు. వినేటప్పుడు చేతులు వాటంతట అవే కదులుతాయి. వేలెత్తింది మొదటి సగం అయిపోయింది, రెండో సగం ఎత్తుకోమని మునెప్పకు సైగ. డోలు వాయించే ఆయన తమ్ముడికి రచన నేర్పలేదు, పెళ్ళిళ్ళు మాత్రం తెలుసు. తప్పు ఎవరిదో నాకు తెలియదు. నాది కాదని మాత్రం అనను.

కౌసల్య ముఖం చూడలేక గోడ దూకాను. ఇది మీకు నవ్వులాటగా ఉండవచ్చు.

మీరూ, శ్రీరాములు గారూ కోరినట్టే బీరువాకు బీగం వేశాను. ఇకమీదట రచనలు చేయను. శాస్త్రం చెప్పుకుంటాను. దానివల్ల ఎవరి పెళ్ళీ చెడిపోదు.

అక్కకు నమస్కారాలు.

మునిరత్నం


కుప్పం,
30 నవంబరు 1974.

శాస్త్రజ్ఞుడికి,

నువ్వు రచనలు మానుకున్నావని విని ఇక్కడ అందరూ సంతోషించారు. నేను వినాయకుడికి టెంకాయ కొట్టాను. మీ అక్క మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ లాభం కూడా నీ ఖాతాలోదే.

పుంగనూరు సమాచారాలు. శ్రీరాములు గారి బావి ఎండింది. చుట్టుపక్కల బావులన్నీ ఎండాయి, అది వేరే సంగతి. ఆయనది మాత్రం నీ వల్ల ఎండింది. ఎద్దుకు కాలు బెణికింది, నీ వల్లే. వాళ్ళ చిన్నాయన సోమలలో పంచాయతీ ఎలక్షన్లో ఓడిపోయాడు. ఆయన ఓడటం ఇది మూడోసారి, కానీ ఈసారిది నీ వల్ల. ఏ ఇంట్లో ఏం చెడినా "మునిరత్నం మేళం తగిలింది" అనడం అక్కడ అలవాటయింది. ఊరికే కాలేజీలో ఉండి ఉంటే నీ పేరు ఇంతమందికి తెలిసేదా?

కౌసల్య బాగానే ఉంది. అత్త సణుగుతుంది, మొగుడు మంచోడు. పాపం మునెప్పకే ఈ సీజన్లో పెళ్ళిళ్ళు లేవు. "రాహుకాలం మేళమప్పా" అని ఎవరూ పిలవడం లేదు. గుడిలో సేవకు మాత్రం వాయిస్తున్నాడు.

గంగులయ్య


మదనపల్లె,
12 జనవరి 1976.

బావగారికి,

ఏడాది పైగా ఉత్తరం రాయలేదని అక్క బాధపడుతోందట. రాయడానికి విశేషాలు లేవు. మా పిల్లలంతా శాస్త్రంలో ఫస్టు క్లాసులో పాసయ్యారు. ఒక్కరూ పాడరు. యూనివర్సిటీ వారు ఈసారి ప్రశ్నపత్రం నన్నే తయారుచేయమన్నారు. రాగలక్షణాల మీద ప్రశ్నలు రాసి ఇచ్చాను. ఇప్పుడు నేను రాసేవి ప్రశ్నలే.

మునెప్పకు నేను చేసిన నష్టం నేనే పూడ్చాలి గనుక వారంలో రెండు రోజులు మా కాలేజీలో పిల్లలకు నాగస్వరం వినిపించే ఏర్పాటు చేయించాను. ప్రాక్టికల్ మేడమ్ గారికి తలనొప్పి కూడా మొదలైంది.

మద్రాసులో ఒక సంగీత సభ వారు కొత్త రచన కావాలని జాబు రాశారు. ఇలాంటి జాబు నాకు రావడం ఇదే మొదలు. మానుకున్నానని తిరుగు టపాలో రాశాను. మీ మాట జవదాటలేదు.

మునిరత్నం


కుప్పం,
18 జనవరి 1976.

ఒరే మునిరత్నం,

నీకు బుద్ధి ఉందా?

ఎవడ్రా నిన్ను మానుకోమన్నది? నేనా? నా జన్మలో నేను మనసులో మాట నేరుగా ఒక్కటైనా అన్నానా? ఆ బావిలో పడెయ్యమన్నది మాటవరసకు. ఆ పొద్దు వియ్యంకుడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఎగతాళికీ ఆజ్ఞకీ తేడా తెలియనివాడివి, ఒక రాగానికీ ఇంకో రాగానికీ తేడా ఆ ఆడపిల్లలకు ఎట్లా చెబుతున్నావు? రెండేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నది నా మీద కోపంతోనని నేను అనుకున్నాను, నా మాట మీద గౌరవంతోనని తెలిసి ఉంటే ముందే వచ్చి తన్ని ఉందును.

నీ జాబు చదివి వినిపిస్తే మీ అక్క ఏమందో రాస్తాను. "నువ్వు నోరు జారితే వాడు సన్నాసి అయిపోయినాడు. ఇంక నీ ఎగతాళి ఆవుల దగ్గర పెట్టుకో" అంది. అన్నం మాత్రం పెట్టింది.

మద్రాసు వాళ్ళకు మళ్ళీ రాయి. బీగం పగలగొట్టు. చెవి నిజంగానే బావిలో వేసి ఉంటావు, నీ సంగతి నాకు తెలుసు.

ఇంకో మాట. కౌసల్యకు కవల మగపిల్లలు పుట్టారు. పుంగనూర్లో వాన పడింది, శ్రీరాములు గారి బావి నిండింది. అల్లుడికి కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చింది. వియ్యంకుడు మొన్న బజారులో నిలబడి, "మా ఇంటికి రాహుకాలమే కలిసొచ్చిందప్పా" అన్నాడట. ఎద్దు కాలు ఎవరి వల్ల బాగైందో మాత్రం చెప్పలేదు.

నీ బావ,
గంగులయ్య


మదనపల్లె,
9 జూన్ 1980.

బావగారికి,

అక్క పంపిన చింతపండు అందింది. మద్రాసు సభ వారు మరి జవాబు రాయలేదు. మీరు తిట్టినప్పటి నుంచి మళ్ళీ రాస్తూనే ఉన్నాను. బీరువాలో రెండో అర కూడా నిండింది.

మీకు ఒక విచిత్రం చెప్పాలి. నిన్న పలమనేరులో మా ఆఫీసు గుమాస్తా కూతురి పెళ్ళికి వెళ్ళాను. మేళం వాళ్ళు ఎవరో కుర్రవాళ్ళు, నేనెరగను. ఉన్నట్టుండి నా రచన ఎత్తుకున్నారు. చేతులు రెండూ పంచెలో దాచుకున్నాను. మొదటి సగం ఒక్క స్వరం తప్పకుండా వాయించారు. సరిగ్గా నేను వేలెత్తిన చోటుకు వచ్చారో లేదో, పెళ్ళిపెద్ద లేచి వేలు ఆడించాడు. గట్టిమేళం. అక్షింతలు. తాళి. అందరూ భోజనాలకు లేచారు.

పక్కనున్న ముసలాయనను అడిగాను, ఈ పాట అంతటితో అయిపోదు కదా అని. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఇది మునిరత్నం మేళమప్పా. ఈడికి నిలిపి తాళి కట్టాల. కట్టినోళ్ళకు కవల పిల్లోళ్ళు పుడతారు, సర్కారు ఉద్యోగాలొస్తాయి. మా తాతల కాడినుంచి ఇదే వాడిక."

మునిరత్నం ఎవరని అడిగాను.

"ఎవరో మహానుభావుడు. పుంగనూరు జమీను కాలంలో ఉండె. ఆయన సచ్చి నూరేండ్లు దాటింటాది."

ఆ మునిరత్నాన్ని నేనేనని చెప్పాను. దీనికి రెండో సగం కూడా ఉందన్నాను. ఆయన నవ్వి, "ఏం పని సేస్తావప్పా నువ్వు?" అన్నాడు. సంగీత శాస్త్రం చెబుతానన్నాను. "అదే సూడు, పుస్తకాలోళ్ళకు ఇయ్యన్నీ తెలీవు. తాళి కట్టినాంక ఇంకా పాటేంది? పా, అన్నానికి లేట్ అవుతాది" అని చెయ్యి పట్టుకుని పంక్తిలో కూర్చోబెట్టాడు.

వాకబు చేశాను. పుంగనూరు, సోమల, బి.కొత్తకోట, అంతటా ఇదేనట. శ్రీరాములు గారి ఇంటి కథ విని అందరూ మునెప్పను అదే వాయించమన్నారు, వాయించి అక్కడే ఆపమన్నారు. మునెప్పకు తీరిక లేదు, శిష్యులను తయారుచేశాడు. అది సంతోషమే. కానీ ఆరేళ్ళలో నా రచన వేలమంది విన్నారు, ఒక్కరు కూడా పూర్తిగా వినలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

మునిరత్నం


కుప్పం,
16 జూన్ 1980.

కీర్తిశేషులు మునిరత్నం గారికి,

నువ్వు పోయి నూరేళ్ళు దాటిందని తెలిసి మా ఇంట్లో అందరం తలస్నానాలు చేశాం. నువ్వు బతికి ఉండటమే అడ్డంకి అని ఒకప్పుడు రాశావు. మనవాళ్ళు ఆ అడ్డంకి కూడా తీసేశారు. ఇంకేం కావాలి? జమీను కాలంలో పుట్టి ఇప్పటికీ జీతం తీసుకుంటున్నవాడివి నువ్వొక్కడివే.

పాట అంతా ఎవరూ వినలేదని ఏడుస్తావు. పురాణం పెట్టిస్తే పట్టాభిషేకం దాకా కూర్చునేవాళ్ళు ఎందరు? ప్రసాదం పంచితే లేచిపోతారు. నీ పాటలో ప్రసాదం ముందే పంచుతున్నారు, అంతే తేడా.

ఇది ఎగతాళి. ముందే చెబుతున్నాను, బీరువా జోలికి పోవద్దు.

ఇప్పుడు ఎగతాళి కానిది ఒకటి. ఆ రెండో సగంలో ఏముంది? ఎవరూ నిన్ను అడిగినట్టు లేదు. నేను అడుగుతున్నాను. మీ అక్క కూడా అడగమంది.

గంగులయ్య


మదనపల్లె,
25 జూన్ 1980.

బావగారికి,

అడిగినందుకు చాలా సంతోషం. మొదటి సగం మోహన రాగం. రెండో సగంలో ఒక్క స్వరం కూడా కొత్తది రాదు. అవే అయిదు స్వరాలు. కానీ శ్రుతి, అంటే అన్నిటికీ ఆధారమైన ఆ కింది స్వరం, దాని చోటు నుంచి లేచి పక్క మెట్టు మీద కూర్చుంటుంది. దానితో మోహన కాస్తా మధ్యమావతి అవుతుంది. దీనిని గ్రహభేదం అంటాం. సాధారణంగా దీన్ని చిన్న చమత్కారంగా చూపించి వెంటనే వెనక్కి వస్తారు. నేను వెనక్కి రాకుండా అక్కడే ఉండిపోయాను. అందులోనే నా రచన అంతా ఉంది.

మునిరత్నం


(కార్డు)
కుప్పం, 1 జులై 1980.

ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంకోసారి అడగను. చింతపండు మళ్ళీ పంపుతున్నాం. - గం.


కుప్పం,
20 మార్చి 1986.

మునిరత్నానికి,

మా కొడుకు శీనడికి పెళ్ళి కుదిరింది. ఈసారి నీకే మొదట రాస్తున్నాను, వెనకటి మాదిరి దెప్పుతావని. మే నెలలో, ఇక్కడే మా ఇంటి ముందర.

మునెప్పను పిలిపించి మాట్లాడాను. మనిషి బాగా పెద్దవాడయిపోయాడు, దమ్ము రావడం లేదు. శిష్యులకు మొదటి సగమే వచ్చు, రెండోది నేర్చుకోరట. "అడిగేవోళ్ళు లేరు, యాల సామీ?" అంటారట. నీ రెండో సగం వాయించగలిగింది ఇప్పుడు ఆయన ఒక్కడే. "ఈ ఏడు వాయిస్తా. మళ్ళా ఏటికి నా వల్ల కాదు" అన్నాడు.

కాబట్టి మా శీనడి పెళ్ళిలో నీ పాట మొత్తం మోగుతుంది. ముహూర్తానికి చాలా ముందే ఎత్తుకోమన్నాను. డోలు వాళ్ళకు చెప్పాను, ఎవరు వేలెత్తినా, పోలీసు సూపర్నెంటు వేలెత్తినా గట్టిమేళం వాయించొద్దు, నేను వచ్చి భుజం తట్టితేనే అని. అయ్యవారికి కాఫీ ఇయ్యొద్దని వంటవాళ్ళకు చెప్పాను. నువ్వు వచ్చి ముందర కూర్చో. ఊరంతా సగం విన్నది, రాసినవాడు కూడా పందిట్లో సగమే విన్నాడు. ఇదేం ఖర్మ?

గంగులయ్య


మదనపల్లె,
4 ఏప్రిల్ 1986.

బావగారికి,

మీ జాబు రెండుసార్లు చదివాను. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియదు.

కానీ నేను రాను. కోపం కాదు, దయచేసి అలా అనుకోవద్దు. ఆ సంగీతం వింటూ చేతులు కదపకుండా కూర్చోవడం నా వల్ల కాదు. పలమనేరులో పంచెలో దాచుకున్నా లోపల వేళ్ళు ఆడుతూనే ఉన్నాయి. మీరు డోలు వాళ్ళకు చెప్పారు సరే, పందిట్లో అందరికీ చెప్పలేరు. రాసినవాడు చెయ్యెత్తితే చూసినవాడెవడో ఒకడు లేస్తాడు. మునెప్పకు ఇది చివరిసారి అన్నారు. దాన్ని రెండోసారి కూడా నా చేత్తో నేనే చెడగొట్టుకోలేను. కౌసల్యకు చేసిందాన్ని శీనడికి చేయలేను.

మీరు వినండి. విని నాకు రాయండి. మీకు రాగం తెలియదు, తాళం తెలియదు, నాకు మీరే కావాలి. ఈ ఒక్క జాబులో మాత్రం ఎగతాళి వద్దు బావా. బాగాలేకపోతే బాగాలేదని రాయండి.

మునిరత్నం


కుప్పం,
14 మే 1986.

మునిరత్నానికి,

పెళ్ళి బాగా జరిగింది. కోడలు బాగుంది. ఎగతాళి వద్దన్నావు గనుక ఈ ఉత్తరం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

మునెప్ప ఎత్తుకున్నాడు. మొదటి సగం అందరికీ తెలిసిందే, అందరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. అది ఆగే చోటు వచ్చింది. నేను డోలు వాళ్ళకు, అయ్యవారికి, వంటవాళ్ళకు చెప్పాను గానీ జనానికి చెప్పలేదు. వేలెత్తినవాడు లేడు, గట్టిమేళం లేదు. అయినా పందిరంతా ఒక్కసారిగా లేచి అక్షింతలు చల్లేసింది. పదేళ్ళ అలవాటు మరి. శీనడు తాళి ఎత్తాడు. నేను ఎగిరి వాడి చెయ్యి పట్టుకున్నాను. పెళ్ళికూతురు తల్లి నాకు పిచ్చి పట్టిందనుకుంది. మీ అక్క రెడ్డెమ్మ వచ్చి రెండో చెయ్యి పట్టుకుంది.

మునెప్ప మాత్రం ఆపలేదు. కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు. చల్లడానికి చేతుల్లో అక్షింతలు లేవు. లేవడానికి అన్నం పిలుపు లేదు. ఏం చేయాలో తెలియక అందరూ మళ్ళీ కూర్చున్నారు. మన జనం ఊరికే కూర్చోవడం నేను అప్పుడే చూశాను. రామక్క కూడా నోరు మూసుకుంది.

నువ్వు రాసింది నాకు ఆ రోజు అర్థం కాలేదు. ఇప్పుడు కూడా ఆ పేర్లు నాకు తెలియవు. నాకు అనిపించింది రాస్తాను, తప్పయితే దిద్దుకో. పాట మారలేదు. అదే పాట. కానీ ఇంట్లో మనిషి ఒకరు లేచి వేరే ఇంట్లో కూర్చున్నట్టయింది. మనిషి అదే, మాట అదే, నవ్వు అదే. ఇల్లు మనది కాదు. వెనక్కి వస్తుందేమోనని చూశాను. రాలేదు. అక్కడే బాగుంది, అక్కడే ఉండిపోయింది. ఇంక మనం సరేననుకోవాలి.

నాకు కౌసల్య జ్ఞాపకం వచ్చింది. దాని పెళ్ళినాడు రాహుకాలమని, శాంతి అని, వియ్యంకుడి కాళ్ళూ గడ్డమూ పట్టుకోవడంతోనే పొద్దు పోయింది. బిడ్డ మన ఇల్లు విడిచిపోతోందని ఏడవడానికి నాకు తీరిక లేకపోయింది. తర్వాత ఏడిస్తే బాగుండదని నిన్ను ఎగతాళి చేస్తూ వచ్చాను. మొన్న శీనడి చెయ్యి పట్టుకుని, పీటల పక్కన నిలబడి, పందిరంతా చూస్తుండగా ఏడ్చాను. రెడ్డెమ్మ కూడా ఏడ్చింది. కౌసల్య వచ్చి, "యాలప్పా, యాల ఏడుస్తాండావు?" అని నా మొగం తుడిచింది.

పాట అయిపోయింది. అయ్యవారు దగ్గి ముహూర్తం వచ్చిందన్నారు. అక్షింతలకు మళ్ళీ బియ్యంలో పసుపు కలపాల్సి వచ్చింది.

మునెప్ప శిష్యులు ఇద్దరు ఆ సాయంత్రమే రెండో సగం నేర్పమని ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నారు. నువ్వు కూడా వచ్చి నేర్పు. ఇక్కడ నువ్వు ఎన్ని వేళ్ళు ఆడించినా లేచేవాళ్ళు లేరు.

బాగుందో లేదో రాయమన్నావు. రెండో సగమే బాగుంది మునిరత్నం. ఇన్నేళ్ళూ మేమంతా తొందరపడి తాళి కట్టేశాం.

నీ బావ,
గంగులయ్య